పెళ్ళి లైటు కింద ఆట

మా అమ్మాయి షటిల్ ఆడుతుంటే ఒక మంచి ఫోటో తియ్యాలని ఎంతకాలంగానో నా తాపత్రయం. బ్యారేజీ దగ్గర కొంగల్ని తీసి నలుగురిచేతా భేష్ అనిపించుకున్నదాన్ని, సొంత కూతురి స్మాష్ ఒక్కటి పట్టలేకపోయాను. బయట ఎండలో కెమెరా చెప్పినట్టు వింటుంది. హాల్లోకి రాగానే మొండికేస్తుంది. షట్టర్ వేగం పెంచితే అంతా చీకటి, తగ్గిస్తే రాకెట్ పట్టిన చెయ్యి పొగలా సాగిపోతుంది. ఫ్లాష్ వెయ్యనివ్వరు. నాకసలే పంతం ఎక్కువ.

ఈ ఏడాది జిల్లా జట్టు ఎంపిక పోటీలు విజయవాడ శివార్లలో ఒక పాత ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్ళిళ్ళ బేరాలు తగ్గాక దాని యజమాని స్టేజీ పడగొట్టించి, పచ్చ మ్యాట్లు పరిపించి షటిల్ కోర్టు చేశాడు. ఆదివారం చర్చి మానుకుని మరీ వెళ్ళాం. జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికోసం మా అమ్మాయి, కొండపల్లి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆడాలి. నేను నెట్టుకి పక్కగా గోడవార కుర్చీ వేసుకున్నాను.

మూడో గేమ్ సగంలో ఇద్దరూ వైపులు మారారు. అప్పటికి కొండపల్లి అమ్మాయిదే పైచెయ్యి. మా అమ్మాయి ఒకప్పుడు స్టేజీ ఉన్న వైపుకి వచ్చింది. అక్కడ పైకప్పుకి, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే చోటు కోసం బిగించిన పెద్ద లైటు ఇంకా ఉంది. ఆట జరిగేటప్పుడు దాన్ని వెయ్యరు. స్విచ్చు నా కుర్చీ వెనకాల గోడకే ఉంది. వేశాను.

మా అమ్మాయి ముఖం, చెమట, బిగిసిన పిడికిలి అన్నీ ఒక్కసారిగా తేటపడ్డాయి. నా వేలు ఆగలేదు. అవతలి అమ్మాయి షటిల్ కోసం తలెత్తి, రాకెట్ వట్టి గాల్లో ఊపి, అంపైర్ గారి వైపు తిరిగింది.

"సార్, లైటు కళ్ళల్లో పడతందండీ."

ఆయన నా వైపు చూశారు. మా దగ్గర కెమెరా పట్టుకున్న మనిషికి జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. పెళ్ళిలో పాస్టర్ గారంతటివారు కూడా ఉంగరం చేత్తో పట్టుకుని, ఫోటోగ్రాఫర్ తల ఊపేదాకా ఆగుతారు. ఆ మర్యాదే నేను వాడుకున్నాను.

"రెండు నిమిషాలండీ, ఒక్క ఫోటో," అన్నాను.

"సరే మేడమ్. నువ్వు ఆడమ్మా, ఏం కాదు," అన్నారాయన.

ఫోటో నిజంగానే వెంటనే దొరికింది. లైటు ఆర్పుదామని వెనక్కి చెయ్యి చాపి, స్కోరు చూశాను. మా అమ్మాయి పుంజుకుంటోంది. చెయ్యి ఒళ్ళోకి తెచ్చుకున్నాను. మర్చిపోయానని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా లాభం లేదు, మర్చిపోలేదు. మ్యాచ్ అయ్యాకే ఆర్పాను.

మా అమ్మాయి గెలిచింది. తన కష్టంతోనే గెలిచాననుకుంటోంది, పాపం. తర్వాతి ఆదివారం పాస్టర్ గారు దాన్ని సంఘం ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. పక్కావిడ నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని తనూ కళ్ళు మూసుకుంది.

ఆ ఫోటో మా అమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. అది చూసి కొండపల్లి అమ్మాయి, మా అమ్మాయిని నా నంబరు అడిగి తీసుకుని, నాకు మెసేజ్ పెట్టింది. "ఆంటీ, ఫోటో సూపర్ అండీ. నాది కూడా ఒక్కటి ఉంటే పంపిస్తారా? ఆ రోజు మా నాన్నకి డ్యూటీ, రాలేకపోయారు. చూపిస్తానండీ."

ఆ రోజు ఫోటోలన్నీ తెరిచాను. లైటు వేశాక తీసినవాటిలో ఆ పిల్ల ఫ్రేము అంచున స్పష్టంగానే ఉంది. ఒకదాంట్లో కళ్ళు చికిలించింది. ఇంకోదాంట్లో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. అంతకుముందువాటిలో ముఖం పోల్చుకోలేనంత మసకగా ఉంది, కానీ గెలుస్తోంది. అలాంటిదొకటి ఏరి పంపాను.

"థాంక్యూ ఆంటీ. కొంచెం క్లియర్‌గా ఉన్నది ఏమన్నా ఉందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా, అక్కడ లైటింగ్ సరిపోలేదు," అని రాశాను.