లేని దారానికి ముడి

నా చిన్నప్పుడు మా నాన్న హనుమాన్ మాల వేసుకున్నాడని మేం నేతపనికి వలసొచ్చిన బమ్రోలిలో మా గల్లీ గల్లీ అంతా సంతోషపడింది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడంలో ఆయనది ఎంత మంచి చెయ్యో, పొట్లం సారాకి అంత బానిస. పొద్దున లేవగానే ఒకటి పడితేగానీ ఆ చెయ్యి నిలిచేది కాదు. మాల పడింది, సారా ఆగింది. అమ్మ ఆయన్ని ‘స్వామీ’ అని పిలుస్తుంటే నాకు ఒకటే నవ్వు.

ఆ నవ్వు ఒక్కరోజే. మర్నాటికి ఆయన చేతిలో చాయ్ గ్లాసు తొణికిపోయింది. పొద్దుటి చల్లదనంలోనూ బనియన్ చెమటకు తడిసి ముద్దయింది. తిన్నదంతా కక్కాడు, కన్ను మూయలేదు. ఉపవాసాల నీరసం అన్నారు పెద్దలు. మూడోనాడు గోడకు ఆనుకుని, గాలిలోంచి ఏదో లాగి వేళ్లతో ముడి వేయడం మొదలుపెట్టాడు. తెగిన పోగులు అతికే పని అది. అక్కడ పోగూ లేదు, సాంచా లేదు. నన్ను చూసి ‘ఎవరి పోరివే నువ్వు?’ అన్నాడు. మా నాన్నకు నేను తెలియడం లేదు.

స్వామి పూనాడని కొబ్బరికాయ కొట్టారు. అమ్మ హారతి పట్టింది. నేను తలుపు వెనక దాక్కున్నాను.

ఆస్పత్రిలో ఆయాగా చేసే పక్కింటి అక్క అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. హారతి పళ్లెం పక్కకు జరిపి ఆయన నాడి పట్టుకుంది. తాగుతాడా అని అడిగితే, గల్లీకంతా తెలిసినా అమ్మ లేదనే అనేది, మాలలో ఉన్న మనిషి పరువు మరి. అక్క అలా అడగలేదు. అన్నం ఎప్పుడు తిన్నాడని అడిగినట్టే, ‘ఆఖరుపారి ఎప్పుడు తాగిండు వదినా?’ అంది. మాలకు ముందురోజు అని తలుపు వెనకనుంచి నేనే చెప్పాను.

‘స్వామి గాదు, ఏం గాదు. రోజూ తాగేటోడు ఒక్కపారే బంద్ చేస్తే గిట్లనే అయితది. ఫిట్సొస్తే పాణం పోతది, దవాఖానకు నడువుర్రి!’

దవాఖాన గుమ్మంలోనే మూర్ఛ వచ్చింది. ఇంట్లో వచ్చుంటే హారతి ఇస్తూనే ఆయన్ని పోగొట్టుకునేవాళ్లం. మానడం మంచిదే, ముందు మా దగ్గరికి వచ్చి మానాల్సింది అన్నాడు డాక్టరు. వారానికి నాన్న నన్ను పేరుపెట్టి పిలిచాడు. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు నా తల నెరిసింది. గల్లీలో ఎవరు మాల వేసుకుంటున్నా ముందే వాళ్లింటికి వెళ్లి, ఆ అక్క గొంతుతోనే, ఆఖరుపారి ఎప్పుడు తాగిండని అడుగుతాను. శుభమా అని మాల వేస్తుంటే ఈ ముసలిదానికి సారా గోలేంటని మూతి తిప్పుతారు. తిప్పుకోనీ. నేను తలుపు వెనక నిలబడ్డ పిల్లల వైపు చూస్తాను. జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.