తూకం రాళ్లు నిలబెట్టిన బజారు

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను ఐటీ కారిడార్ వైపు ప్లానింగ్ అధికారిగా వేశారు. ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద ప్రజల అభ్యంతరాలు తీసుకుని, విచారించి, కమిటీకి నివేదిక ఇవ్వడం నా పని. మాస్టర్ ప్లాన్ అంటే రంగుల పటం. పసుపు వేసిన చోట ఇళ్లు, నీలం వేసిన చోట వ్యాపారం. ఏ రంగు పడితే అక్కడ ఆ అనుమతులే వస్తాయి. రంగు పెన్సిల్ చేతికొస్తే మావాళ్లు బ్రహ్మదేవుళ్లమైపోయామనుకుంటారు. నేనూ అనుకున్నవాణ్ణే.

వచ్చిన నాలుగో రోజున యాదమ్మ అనే ఆవిడ నా గదికి వచ్చింది. అరవై దాటిన మనిషి. పుప్పాలగూడ అవతల ఒక పాత ఊరి బజారులో పప్పులు, ఎండుమిర్చి, పసుపు, కుంకుమ అమ్ముతుంది. చుట్టూ ముప్పై అంతస్తుల మేడలు లేచినా ఆ వీధి ఇరవై అడుగుల వెడల్పుతో అలాగే ఉంది. రెండు వైపులా కింద దుకాణం, పైన కాపురం. మా ముసాయిదాలో ఆ వీధంతా పసుపు రంగు. పైగా మధ్యలోంచి అరవై అడుగుల రోడ్డు గీత. ప్లాన్ ఖరారైతే ఆ దుకాణాల లైసెన్సులు రెన్యువల్ కావు. రోడ్డు పడితే యాదమ్మ దుకాణం సగం పోతుంది.

“ఏంది సారూ గిది? మా అత్త కాడి నుంచి గా అరుగు మీదనే తరాజు పట్టినం. ఇగ ఆడ దుకాణమే లేదంటరా?” అని నిలదీసింది.

అభ్యంతరం రాసి, ఆధారాలు జతచేసి ఇవ్వమని చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక ఆ వీధి సర్వే షీట్ తెప్పించాను. ముప్పై ఒక్క గడపలుంటే ముప్పై ఒక్కటికీ ‘నివాసం’ అని టిక్కు పెట్టి ఉంది. కింద ధ్రువీకరించిన అధికారి సంతకం నాదే.

అంతకు రెండేళ్ల ముందు నేను సర్వే విభాగంలో ఉండేవాణ్ణి. మా బృందాలకు ఒక సులువు సూత్రం నేర్పాను: ఇనుప షట్టర్ ఉంటే దుకాణం, చెక్క తలుపు ఉంటే ఇల్లు. ఆదివారమైతే ట్రాఫిక్ తక్కువని, ఆ ఊరికి ఒక ఆదివారం పంపాను. తారీఖు చూస్తే అది ఆషాఢమాసం. ఆ ఊరివాళ్లను అడిగితే ఆ రోజు వాళ్ల బోనాలు. దుకాణాలన్నీ బంద్. ఆ బజారులో షట్టర్లు లేవు, ఒకదాని పక్కన ఒకటి బిగించే చెక్క పలకలు మాత్రమే ఉంటాయి. గడపకు వేపమండలు, ముంగిట చుట్టాలు, లోపల వంటలు. చూసినవాడెవడైనా ఇల్లనే రాస్తాడు. తప్పు వాళ్లది కాదు, ఆఫీసులో కూర్చుని సూత్రాలు కనిపెట్టిన నాది. ఆ సంగతి ఫైలు మీద ఆ రోజే రాశాను. మా పై అధికారి చదివి, “మీ నెత్తి మీద మీరే చెయ్యి పెట్టుకుంటున్నారేమిటండీ?” అన్నారు. పెట్టుకోక తప్పదండీ అన్నాను.

తప్పు ఒప్పుకున్నంత మాత్రాన రంగు మారదు. ఆ వీధిలో వ్యాపారం ఎప్పటి నుంచో ఆగకుండా నడుస్తోందని రుజువు కావాలి. అక్కడే చిక్కు. పాత ఊరి నడిబొడ్డును గ్రామకంఠం అంటారు. పొలాలకున్నట్టు దానికి విడివిడి సర్వే నంబర్లు ఉండవు, పట్టాలు ఉండవు. పంచాయతీ కాలం రసీదులు చెదలు తినేశాయి. లైసెన్సులు మొదలైంది ఊరు పట్టణంలో కలిశాకే. అటు పక్కన ఆ గడపలన్నీ కొని, కలిపి, ఒకే పెద్ద మేడ కట్టాలని చూస్తున్న ఒక సంస్థ తన సలహాదారును విచారణకు పంపింది.

దసరా వెళ్లాక జరిగిన విచారణలో అతను ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. సారాంశం: ఆ వీధిలో దుకాణాలు నిన్న మొన్న పుట్టుకొచ్చినవి. కమిటీ అధ్యక్షురాలు, చాలా జిల్లాల్లో పనిచేసిన సీనియర్ అధికారిణి, యాదమ్మ వైపు తిరిగి కాగితం ఏదైనా ఉందా అని అడిగారు.

“కాయితం లేదమ్మా. రాళ్లున్నయి,” అంటూ యాదమ్మ గుడ్డ మూట విప్పింది. దసరాకు పెట్టిన పసుపు బొట్లు ఇంకా చెరగని ఇనుప తూకం రాళ్లు ఐదు బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటే బోర్లా తిప్పింది.

ఇన్నేళ్లు ఊళ్ల పటాలు గీసిన నాకు అది తట్టలేదు. తూకం రాయి అడుగున గుంటలో సీసం పోసి ఉంటుంది. తూనికల ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసినప్పుడల్లా ఆ సీసం మీద సంవత్సరం ముద్ర కొడతాడు. ముద్ర లేని రాయితో అమ్మితే కేసు. యాదమ్మ రాళ్ల అడుగున ముద్ర మీద ముద్ర, ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎలక్ట్రానిక్ కాంటా కొన్న నాటి దాకా ఉన్నాయి.

సలహాదారు తడుముకోలేదు. “రాళ్లు ఎక్కడి నుంచైనా తేవచ్చండీ, వాటి మీద అడ్రసు లేదుగా,” అన్నాడు. మాట న్యాయమైనదే. కానీ నాకు దారి దొరికింది. ముద్రలు కొట్టడానికి ఇన్‌స్పెక్టర్ ఎక్కడికి వచ్చేవాడని యాదమ్మను అడిగాను.

“మా బజార్లకే వస్తుండె సారూ. కమ్మరాయన అరుగు మీద కుర్చీ ఏస్తుంటిమి. అందరి పేర్లు రాసుకుంటుండె.”

పది రోజులు గడువు అడిగి తూనికల శాఖకు అధికారికంగా లేఖ రాశాను. పాత రికార్డుల గదిలో వాళ్ల ముద్రల క్యాంపు రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ఊరి పేరు, వీధి పేరు, వరసగా దుకాణదారుల పేర్లు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇన్‌స్పెక్టర్ నడిచిన వరసే అది. యాదమ్మ అత్త పేరు పక్కన వేలిముద్ర ఉంది. ధ్రువీకరించిన నకళ్లు కమిటీ ముందు పెట్టినప్పుడు సలహాదారు తన ఫైలు మూసి సంచిలో పెట్టుకున్నాడు. నాకు ఈల వేయాలనిపించింది. హోదా గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ తర్వాత నిబంధనలు రాసే పని నాకే ఇచ్చారు. నీలం రంగు ఒక్కటే వేస్తే ఆ సంస్థే మాల్ కట్టేస్తుంది. అందుకని ఆ వీధిని ‘పాత బజారు ప్రత్యేక జోన్’ అన్నాం. కింద వ్యాపారం, పైన కాపురం, రెండంతస్తులకు మించరాదు. కొత్తగా కట్టేవారు రోడ్డు నుంచి వెనక్కి జరగాలన్న నియమం ఇక్కడ వర్తించదు, ఎందుకంటే అరుగు వీధిని ఆనుకునే ఉండాలి. పార్కింగ్ ఊరి చివర ఉమ్మడిగా ఉండాలి. అన్నిటికంటే గట్టిది: పక్కపక్క గడపలను కలిపి ఒకే కట్టడం చేయరాదు. అరవై అడుగుల రోడ్డును ఊరి బయటి నుంచి తిప్పాం. ఒక్క అక్షరం కోయకుండా తుది ప్లాన్‌లో అచ్చయింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను రాసింది అలా అచ్చుకావడం అదే మొదలు, అదే చివర. ఆ గెజిట్ ప్రతి తీసుకుని నేనే బజారుకు వెళ్లాను. సర్కారు కాగితం నడిచి రావడం ఇదే మొదటిసారని కమ్మరాయన ఎకసెక్కం చేశాడు. యాదమ్మ ప్రతి తీసుకుని తూకం రాళ్ల కింద పెట్టి, “జర ముందుగాల్నే అడిగితే అయిపోయేది కద సారూ,” అంది.

అది నిజం. నా షట్టరు సూత్రాన్ని రద్దు చేసి, సర్వే ఫారంలో చివర ఒక గడి చేర్చాను: ‘లోపలివారిని అడిగారా? ఎవరిని?’ పేరు రాయని షీట్ మీద రిటైరయ్యే దాకా నేను సంతకం పెట్టలేదు.