బాగా నడిచిన కెమెరా

మా అన్నకు కెమెరాల గురించి ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. భివండిలో సాంచలు నడిపించే మనిషికి లోకంలో ఉన్న ప్రతి యంత్రం గురించీ తనకు తెలుసని ఒక గట్టి నమ్మకం ఉంటుంది. సాంచలంటే మా వాళ్ల మాటలో పవర్‌లూమ్ మగ్గాలు. పక్కింటివాళ్ల స్కూటరు మొరాయించినా, గల్లీలో నీళ్ల మోటారు ఆగినా అన్న లుంగీ ఎగగట్టి వెళ్లి దాని పక్కన నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. ఆ తర్వాత తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు తప్పని తేలిన రోజున ఊళ్లో ఉండేవాడు కాదు.

మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, పోయాక కార్ఖానా అన్న చేతికి వచ్చింది. దానితో పాటు నేనూ వచ్చాను. పగలంతా షెడ్డులో సాంచల మీద ఉండేవాణ్ణి. చెవుల్లో ఆ చప్పుడు, ముక్కులో దూది నూగు. రోజూ సాయంత్రం వరాలా తలావ్ చెరువు గట్టుకు వెళ్లి ఫొటోలు తీసేవాణ్ణి. రెండువేల ఆరో ఏడో అయ్యుంటుంది, ఓవర్‌టైము చేసి ఒక డీఎస్ఎల్ఆర్ కొనుక్కున్నాను. ఆ కంపెనీ చేసేవాటిలో అన్నిటికంటే చిన్నది, ప్లాస్టిక్ ఒళ్లు, డబ్బాలోనే ఇచ్చిన లెన్సు. అయినా ఆ ఇంట్లో నాది అని చెప్పుకోగలిగిన వస్తువు అదొక్కటే.

దాంతో మా తెలుగువాళ్ల పేరంటాలు, పుట్టినరోజులు, చిన్న చిన్న పెళ్లిళ్లు తీశాను. పగటి వెలుతురులో బంగారం లాంటి కెమెరా. హాల్లోకి వెళ్తే మాత్రం ఏడిపించేది. ట్యూబులైట్ల కింద ఫొటో తీస్తే మొహాల నిండా ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా వచ్చేది. ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగి ఊగి ఎక్కడో కుదురుకునే లోపల పెళ్లికొడుకు తలంబ్రాలు పోయడం అయిపోయి చేతులు దులుపుకునేవాడు. దానికంటే పై మెట్టు కెమెరా ఉంటే షెడ్డు వదిలేసి ఈ పని మీదే బతకగలనని నాకు తెలుసు. ఆ మాట ఇంట్లో అంటే వదినె నవ్వేది. అన్న నవ్వేవాడు కూడా కాదు, వినపడనట్టు ఉండేవాడు.

అన్న కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. మరాఠీ బడిలో చదివి సగం మరాఠీ, సగం మన మాట కలిపి మాట్లాడేది. పెళ్లి ఫొటోలు మా కాకే, అంటే బాబాయినైన నేనే, తీయాలని పట్టుబట్టింది. అప్పుడు అన్న నన్ను పిలిచి ఒక షరతు పెట్టాడు.

“పెద్ద కెమెరా నేనే ఇప్పిస్త. బిడ్డ పెండ్లి నువ్వే తియ్యి. ఫొటోలు మంచిగొస్తే సాంచలు ఇడిసిపెట్టు, నీ దుకాణం నువ్వు పెట్టుకో. రాకుంటే మాత్రం మల్ల ఈ ఫొటోల ముచ్చట నా ముందల తియ్యద్దు. ఏమంటవ్?”

ఏమంటాను? సరేనన్నాను. నేనే వెళ్లి తెచ్చుకుంటానని కూడా అన్నాను. ఆయన వింటేనా? “మిషిన్ కొనుడు నీకేం తెలుస్తదిరా” అని తనే బయలుదేరాడు. నా కెమెరా సంచీ కూడా తెమ్మన్నాడు. ఎందుకని అడిగితే లెన్సు సరిపోతుందో లేదో చూడొద్దా అన్నాడు. నేను నమ్మాను.

ముంబైలో సెకండ్‌హ్యాండ్ కెమెరాలు అమ్మే ఆ దుకాణం మేడమెట్ల కింద ఉంది. సేఠ్ మంచివాడే, అబద్ధం చెప్పలేదు. నేనడిగిన మోడలువి రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎవరో డాక్టరు సరదాకు కొని బీరువాలో పెట్టుకున్నది. డబ్బా, బెల్టు, కాగితాలు అన్నీ ఉన్నాయి, ఒంటి మీద గీత లేదు. రెండోది పత్రికలో పనిచేసే ఫొటోగ్రాఫరు వాడి వదిలేసినది. అంచుల్లో నల్లరంగు అరిగి లోపలి లోహం మెరుస్తోంది. చేత్తో పట్టుకునే చోట రబ్బరు నున్నగా అయిపోయింది. ధరలో రెంటికీ పెద్ద తేడా లేదు.

“భాయ్‌సాబ్, యే బహుత్ చలా హువా హై. పెహలేసే బోల్ రహా హూఁ” అన్నాడు దుకాణదారు, రెండోదాని మీద వేలు పెట్టి. చాలా వాడినది, ముందే చెబుతున్నాను అని.

అన్న మొహం వెలిగిపోయింది. భివండిలో మా వాళ్లలో కొత్త సాంచె కొన్నవాడు ఎవడున్నాడు కనక? బొంబాయి మిల్లుల్లో ఏళ్లకేళ్లు నడిచి తీసేసిన మగ్గాలను లారీలెక్కించి తెచ్చుకుని బతికినవాళ్లం. మా షెడ్డులో ఉన్న సాంచల్లో కొన్ని మా బాపు కంటే వయసులో పెద్దవి. మా అన్న లెక్కలో యంత్రానికి ఒకటే పాపం, ఖాళీగా నిలబడటం. నిలబడ్డదాంట్లో తుప్పు ఉంటుంది, బిగుసుకుపోతుంది. అదే నడిచినదైతే చక్రాల పళ్లు పళ్లూ ఒరుసుకుని దారిలో పడి ఉంటుంది. ఆ డాక్టరు కెమెరాను ఆయన ముట్టుకోను కూడా లేదు.

“అన్నా, షట్టర్‌కు ఆయుష్షు ఉంటది. ఇన్నిసార్లు కొట్టినంక పోతదని కంపెనోడే రాస్తడు. డబ్బాలున్నది తీస్కుందాం” అన్నాను.

“మిషిన్‌కు ఆయుష్షేందిరా? నడిపేటోనికి ఉండాలె. గది బీరువల పండుకున్నది, రేపు పెండ్లిల జామైతే ఏం జేస్తవ్? గిది చూడు, ఎంత నడిచిందో. నడిచిన దానికే నమ్మకం.”

కెమెరాను చెవి దగ్గర పెట్టుకున్నాడు. బటన్ నొక్కి పట్టాడు. ఖటఖటఖటఖటమని కొట్టింది. కళ్లు మూసుకుని మళ్లీ నొక్కాడు. నా చిన్న కెమెరా చప్పుడు డొల్లగా ఉండేది. ఇది బరువుగా, సాఫీగా ఉంది. అన్నకు అది సాంచె చప్పుడులాగే వినిపించి ఉంటుంది. అయిపోయింది, ఇంక దేవుడొచ్చి చెప్పినా వినడు.

నన్ను అసలు కాల్చింది ఆ తర్వాత జరిగింది. నేను లెన్సు అమరుస్తూ ఉండగానే నా పాత కెమెరాను సంచీలోంచి తీసి సేఠ్ ముందు పెట్టి బదలాయింపు కింద ఇచ్చేశాడు. నన్ను అడగలేదు. “అది నాది, నా కష్టం. పెండ్లిల చేతుల రెండుండాలె” అని దుకాణంలోనే అరిచాను. “పెద్దదొచ్చినంక చిన్నది ఇంట్ల ఎందుకు, దుమ్ము తినతానికా?” అన్నాడు. సేఠ్ దాన్ని అప్పటికే గుడ్డతో తుడుస్తున్నాడు. లోకల్ ట్రైన్లో కల్యాణ్ దాకా ఆయనకు దూరంగా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన ఆ సంగతి గమనించాడని కూడా నేననుకోను.

ఇంటికొచ్చాక పసుపు కుంకుమలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, ఇక అప్పటినుంచి అదే ఆట. ఎవరొచ్చినా కెమెరా తెమ్మనేవాడు. బటన్ నొక్కి పట్టి ఖటఖటలాడించి వినిపించేవాడు. నూలు దుకాణం వాళ్లకు, నూలుకు గంజిపట్టే సైజింగ్ వాళ్లకు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు, అందరికీ. “వద్దన్నా, దాని ప్రాణం తీస్తున్నవ్” అని నేను మొత్తుకుంటే, “నడుస్తనే ఉండాలెరా, ఆపితేనే ఖరాబైతది” అనేవాడు. పెళ్లికి ముందు ఆ కెమెరా నా చేతిలో కంటే ఆయన చెవి దగ్గరే ఎక్కువ ఉంది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. దాన్ని చేతిలోకి తీసుకుని మొదటిసారి కంటికి ఆనించినప్పుడు నాకు మళ్లీ దించబుద్ధి కాలేదు. కిటికీ తెరిచినంత వెలుతురు. నొక్కడమే ఆలస్యం, ఫోకస్ వెళ్లి కంటిపాప మీద కూర్చునేది. పెళ్లిరోజు పొద్దున్న పిల్లకు పసుపు రాస్తుంటే తీసిన ఫొటోల్లో ఆమె చెంప మీద పసుపు నీటి చుక్క కూడా కనిపించింది. ఆ గదిలో ట్యూబులైటు ఒక్కటే ఉంది. వెనక స్క్రీను మీద చూపిస్తే, “కాకా, మీ ఎవడీ ఛాన్ దిస్తే కా? నేను ఇంత మంచిగున్ననా?” అని నవ్వింది. ఇంక షెడ్డు మొహం చూడనక్కర్లేదని ఆ క్షణంలో అనుకున్నాను. అన్న మీద కోపం కూడా కొంచెం తగ్గింది. అది నా తెలివితక్కువతనం.

హాలు నిండా జనం. ఎదుర్కోలు తీశాను, జీలకర్ర బెల్లం తీశాను. అయ్యగారు గట్టిమేళం అన్నాడు. పెళ్లికొడుకు పుస్తె ఎత్తాడు. పిల్ల తల వంచింది. ఇంతకంటే మంచి ఫ్రేము నాకు జన్మలో దొరకదనుకుంటూ నొక్కాను.

ఖటక్ మనలేదు. ఏదో నలిగినట్టు చిన్న చప్పుడు వచ్చి కెమెరా కన్ను చీకటైంది. స్క్రీను మీద తప్పు చూపించే అక్షరాలు. బ్యాటరీ తీసి పెట్టాను. కార్డు మార్చాను. లెన్సు విప్పి చూస్తే లోపల షట్టర్ రేకు ఒకటి వంగి అడ్డంగా దిగబడి ఉంది. మంటపం మీద వదినె పక్కన కూర్చున్న అన్న నా వైపు చూసి, “కొట్టరా, కొట్టు! చూస్తవేంది?” అని పళ్లు కొరుకుతున్నాడు. డప్పులు ఆగవు కదా. పుస్తె ముళ్లు పడ్డాయి. వీడియో తీసేవాడు తన పెద్ద లైటుతో నన్ను పక్కకు నెట్టి ముందుకు వెళ్లాడు. నేను చచ్చిన కెమెరా పట్టుకుని అక్షింతలు మీద పడుతుంటే నిలబడ్డాను.

కార్యం కాగానే అన్న కిందికి దిగి వచ్చాడు. కెమెరా లాక్కున్నాడు, చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. ఏమీ వినపడలేదు. అక్కడే కొత్త వియ్యంకులు నిలబడి ఉన్నారు. వాళ్లకు వినపడేలా అన్నాడు, “మంచి మిషిన్ తెచ్చిస్తే ఖరాబ్ చేసిండు. వీనికి చెయ్యి తిరగలే.”

“చచ్చేదాన్ని ఏరి తెచ్చింది నువ్వు. నా కెమెరా ఉంటే గీ పాటికి తీస్తుంటి. దాన్ని అమ్ముకున్నది నువ్వు” అన్నాను, నేనూ వాళ్లకు వినపడేలా.

“నడిపేటోడు మంచోడైతే ఏ మిషిన్ ఆగదురా. రేపట్నించి షెడ్డుకు రా” అన్నాడు.

వెళ్లలేదు. ఆ రేపే కాదు, ఇంకెప్పుడూ వెళ్లలేదు. బట్టలు తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ కెమెరాకు షట్టర్ మార్పిస్తే బతికేదే. అన్న దాన్ని మా సాంచలు బాగుచేసే జాబర్‌కు ఇచ్చాడట. అతను విప్పి, తుడిచి, శుభ్రంగా నూనె వేశాడట. ఆ ముచ్చట విన్నప్పుడు మాత్రం కడుపారా నవ్వాను.

భివండి పక్కనే పూర్ణ అనే ఊళ్లో గోడౌన్లో పని దొరికింది. లారీల్లోంచి దిగిన పెట్టెల్లో పగిలినవాటికి, తడిసినవాటికి ఫొటోలు తీయాలి. కెమెరా వాళ్లదే, జేబులో పట్టేంత బొమ్మ కెమెరా. ఆ పని చేస్తూనే పెళ్లిళ్ల కోసం తెలుగు ఇళ్లన్నీ తిరిగాను. కెమెరా అద్దెకు తెచ్చుకుంటానన్నాను. అందరూ టీ ఇచ్చారు, మర్యాదగా మాట్లాడారు, ఎవరూ పిలవలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

పిల్ల పుట్టింటికి వచ్చిందని, కాకను చూడాలంటోందని వదినె కబురు పెడితే చాలా రోజుల తర్వాత ఆ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెడుతూనే ఎదురుగా గోడ మీద కనిపించింది. తలుపంత ఫొటో, బంగారు రంగు ఫ్రేము. పుస్తె కడుతున్న ఫొటో. వీడియోలోంచి ఒక్క బొమ్మ ఊడబెరికి సాగదీసి పెద్దది చేయించారు. మొహాల మీద అడ్డగీతలు, పెళ్లికొడుకు చెవి కరిగి భుజంలో కలిసిపోయింది, పిల్ల కళ్లున్న చోట రెండు మరకలు. దాని కింద మెరిసే అక్షరాల్లో, ఫొటో తీసినవారు అని, నా పేరు.

మా వాళ్లలో ఆ హాల్లో కూర్చుని టీ తాగనివాళ్లు లేరు. నాకు ఎందుకు పని దొరకడం లేదో అప్పుడు తెలిసింది.

“ఇది నేను తియ్యలే. నా పేరెందుకేసినవ్?” అన్నాను.

అన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. “మరెవరి పేరెయ్యాలె? బిడ్డ పెండ్లికి ఫొటోగ్రాఫర్‌వి నువ్వే గద. అడిగినోళ్లకు చెప్పద్దా?”

కుర్చీ లాగి ఎక్కాను. ఫ్రేము రెండు పక్కలా పట్టుకున్నాను. దాన్ని ఆయన ముందే నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. మేకు మీంచి పైకెత్తాను కూడా.

“కాకా, రాహూ ద్యా నా” అంది పిల్ల వెనకనుంచి, ఉండనివ్వమని. వంటింటి గడపలో నిలబడి ఉంది. “పుస్తె కట్టినప్పటిది నాకు గదొక్కటే ఉన్నది.”

ఫ్రేమును మళ్లీ మేకుకు తగిలించాను. వంకరగా పడితే సరిచేశాను కూడా. కిందికి దిగేసరికి అన్న పేపరు మళ్లీ తెరిచి చదువుకుంటున్నాడు.