దిబ్బ మీది రేగుచెట్టు

టెక్కలి బస్టాండు ముందు తోపుడుబండి మీద ఆపిల్ రేగుపళ్లు అమ్ముతున్నారు. పచ్చగా, నున్నగా, కోడిగుడ్డంత ఉంటాయి. మొన్న ఒకటి కొరికి చూశాను. నీళ్లు తప్ప రుచి లేదు, వాసన అసలే లేదు. బండి చివర చిన్న గంపలో మాత్రం కాసిని నాటురేగులు ఎర్రగా ముడతలు పడి, కాస్త పులిసిన వాసన వేస్తున్నాయి. ఆ వాసన తగలగానే నీలమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. నాకు ఆ రెండూ విడివిడిగా రావు.

పెద్దమ్మ మా పక్కింటావిడ, వరసకు అమ్మకు అక్క. ఉద్దానంలో మా ఊరి జీడితోటలు దాటితే ఎవరిదీ కాని ఇసుక దిబ్బ, దాని మీద బాట, బాట పక్కన ఒక రేగుచెట్టు ఉండేవి. అవతల చేపలు పట్టేవాళ్ల పేట. చలికాలం వస్తే బడికి వచ్చే పేట పిల్లలు, తోటల పిల్లలం అందరం ఆ చెట్టు కిందే పోగయ్యేవాళ్లం. కర్రతో కొట్టకూడదు, ఊపితే రాలినవే ఏరుకోవాలని పెద్దమ్మ ఆజ్ఞ. తోటల కంచెకు రేగుకంప కావాలన్నా కాపు పూర్తిగా అయ్యాకే కొమ్మ నరకనిచ్చేది. పళ్లు దంచి, ఉప్పు, మిరపకాయ, బెల్లం కలిపి ఆమె పెట్టిన వడియాలు పేటకు వెళ్లేవి, అక్కణ్నుంచి మాకు ఎండుచేపలు వచ్చేవి.

నేను ఏడో తరగతిలో ఉండగా ఊళ్లోని పెద్ద తోట ఆసామి, నాకు మావ వరస, తన కంచెను దిబ్బ మీదికి జరిపాడు. చెట్టు లోపలికి పోయింది. నిండు కాపులో ఉన్న దాని కొమ్మలే నరికించి, ఆ కంపతోనే దాని చుట్టూ కంచె వేయించాడు. మర్నాడు నాతో చదివే పేట పిల్ల పైడి, కంపకు వేలాడుతున్న పళ్లు కోసుకుంటే దొంగ అన్నాడు. ఒడిలోని పళ్లన్నీ నేల మీద పోయించి చెప్పుకాలితో తొక్కాడు. కావాలంటే తినొచ్చు కదా, తొక్కడమెందుకు? పైడి ఏడవలేదు. ఆ తర్వాత బడికీ రాలేదు. పెద్దమ్మ పేటకు వెళ్లి అడిగితే, "దొంగన్న పేరు ఇనడానికి బడెందుకమ్మా" అందట తల్లి.

పెద్దమ్మ ఊరి పెద్దల్ని రామమందిరం దగ్గర కూర్చోబెట్టింది. "సెట్టు నాటినోడిదే కదా మనూరి ఆనవాయితీ. నువ్వు నాటేవేటి తమ్ముడా?" అని మావను అడిగింది.

"నాను నాటకపోతే మరెవులు నాటేరు?"

"ఎవులూ నాటలేదు. తిన్నోలు ఉమ్మీసిన గింజది. ఆ పేట గుంటలూ తిన్నోలే, మీ తాతా తిన్నోడే."

మావ పెద్దల వైపు తిరిగాడు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరికీ ఆయనతో ఏదో ఒక పని. "సూద్దాం లెండి" అని లేచారు. మా నాన్న కూడా అక్కడే నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చేదాకా పెద్దమ్మ ఆయన్ని వదల్లేదు. "నోట్లో రేగ్గింజ ఎట్టుకు కూకున్నారేటి అందరూ? ఉమ్మితే కదా మాటొత్తాది."

వేసవికి, ఇంక గొడవ ఉండదని, మావ ఆ చెట్టును మొదలంటా కొట్టించేశాడు. వానలు పడ్డాక, కంప నుంచి బాట పక్కన రాలిన గింజలు మొలిచాయి. పెద్దమ్మ పట్టపగలు ఆయన కంచెలోంచే ముళ్లకంప లాగి, మేకలు తినకుండా మొక్కలకు అడ్డం పెట్టింది. "దొంగతనం కాదా పెద్దమ్మా?" అన్నాను. "ఆ కంప ఈటి తల్లిదే. పిల్లలకి కప్పుతున్నాను, నీకేటి?" అంది.

అవి కాపుకు రాకముందే ఆమె పోయింది. పెద్దకర్మ భోజనాలకు మావ వచ్చాడు. విస్తరి ముందు కూర్చుని, "ధర్మాత్మురాలు. ఎవులినీ ఓ మాటనేది కాదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

"నిన్నంది కదా మావా. ఆ సెట్టు నువ్వు నాటేవా అని అడిగింది. నువ్వింకా సెప్పలేదు" అన్నాను.

వడ్డించేవాళ్ల చెయ్యి ఆగిపోయింది. అమ్మ నా మోచెయ్యి గిల్లింది. మావ విస్తరి వదిలేసి లేచిపోయాడు.

పెద్దల ముందు అలా మాట్లాడొచ్చా అని మావాళ్లు ఇప్పటికీ దెప్పుతారు. ఆఫీసులోనూ నాకు నోరు దురుసని పేరు. ఉండనీ. మొన్న ఆ నాటురేగులు కొనుక్కుని, తింటూ ఇంటికి నడిచాను. రోడ్డు పక్కన మట్టి కనిపించిన చోటల్లా గింజ ఉమ్ముతూ వెళ్లాను.