గంట గోపురాన్ని కొలిచిన పిల్లలు

మా బడిని పడగొట్టాలన్న కాగితం మీద మొదటి సంతకం నాదే.

శృంగవరపుకోట దారిలో ఉన్న బాలికల ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. పదో తరగతికి లెక్కలు కూడా నేనే చెబుతాను. విక్టోరియా రాణి ఏలుబడిలో కట్టిన భవనం మాది. మూరెడు మించిన మందంతో గోడలు, వరసగా కమానుల వరండా, నడుమ గంట గోపురం. ఆ వానాకాలంలో ఒక ఆదివారం ఆరో తరగతి గది కప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడి బల్లల మీద పడింది. సోమవారం తలుపు తీసి చూసి, వెంటనే పైకి కబురు పెట్టాను. ఇంజనీరు వచ్చాడు. భవనం శిథిలమైంది, పడగొట్టి కొత్తది కట్టాలన్నాడు. పిల్లలు కళ్లముందు మెదిలారు. మారుమాట లేకుండా సంతకం పెట్టాను.

రెండు రోజులకు ఒక ముసలి తాపీమేస్త్రి నా గదిలోకి వచ్చాడు. ఆయన మనవరాలు మా దగ్గర పదో తరగతి చదువుతోంది.

"ఏటి పంతులమ్మా, బడి పడగొట్టేస్తారట?"

"పైకప్పు ఊడిపోయింది మేస్త్రీ. మీ మనవరాలి తలమీద పడితే?"

"ఏది ఊడిపోనాదో సూసినారా?"

పడిన పెచ్చును దగ్గరగా చూడనే లేదు. ఆ గదికి తీసుకెళ్లాను. ఆయన కింద పడిన పెచ్చు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. బూడిదరంగులో ఉంది.

"ఇది సిమెంటు. మొన్న మొన్న ఎవలో మెత్తినారు. పైన సూడండి, తెల్లగా ఉన్నాది గదా, అది గానుగ సున్నం. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి రుబ్బినది. చెమ్మ పీల్సినా మళ్లీ ఇడిసేస్తాది. దాని మీద సిమెంటు పూసేసరికి నీరు లోపలే ఉండిపోనాది. అందుకే ఉబ్బి రాలింది. సున్నం ఒక్క గుప్పెడైనా రాలిందేటి?"

కుర్చీ ఎక్కి కర్రతో కప్పంతా తట్టి చూపించాడు. ఎక్కడా డొల్లగా మోగలేదు. తన తండ్రితో కలిసి పడుచువాడుగా ఆ మిద్దెకు మరమ్మతు చేశానని చెప్పాడు. ముప్పై ఏళ్లుగా లెక్కల్లో 'నిరూపించు' అని అడిగే నేను, ఏ నిరూపణా అడగకుండా సంతకం పెట్టేశానే అని సిగ్గేసింది.

ఆ గదికి తాళం వేయించి, పిల్లల్ని వరండాలోకి మార్చాను. నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని పై అధికారికి రాశాను.

"మీరే పడగొట్టమన్నారు, మీరే వద్దంటున్నారు. ఏమిటండీ ఇది?" అన్నాడాయన ఫోనులో.

"తప్పు చేశాను సార్. దిద్దుకుంటున్నాను" అన్నాను.

పురావస్తు శాఖకు వెళ్లి, మా బడిని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చమని దరఖాస్తు ఇచ్చాను. అందులో చేరితే ఎవరూ దాన్ని కూల్చడానికి వీల్లేదు. అక్కడి అధికారిణి శ్రద్ధగా విని, "కొలతలతో ప్లాను కావాలి. మీ దగ్గర ఉందా?" అని అడిగింది. లేదు. తయారుచేయడానికి మనిషీ లేడు.

పదో తరగతికి ఈ సంగతి చెబితే పిల్లలు ఒక్కసారిగా లేచారు. టేపు పట్టుకుని గోడలు, కిటికీలు, కమానులు కొలిచారు. చిక్కల్లా గంట గోపురంతోనే. ఎక్కడానికి లేదు. అప్పటికి మేము త్రికోణమితి చెప్పుకుంటున్నాం. కోణమానినికి దారం కట్టి, చివర రాయి వేలాడదీసి, మైదానంలో నిలబడి కోణం చూశారు. మూడు జట్లకు మూడు జవాబులు వచ్చాయి. రెండోసారి కొలిస్తే రెండు జట్లు కలిశాయి, మూడోది మాత్రం ఎప్పుడూ తక్కువే. అందరూ తలలు పట్టుకున్నారు. ఆ మూడో జట్టులో ఉన్న మేస్త్రి మనవరాలు ఉన్నట్టుండి అరిచింది.

"మేడమ్, మన కన్ను నేలమీద లేదు గదా! మా జట్టోళ్లం కంటి ఎత్తు కలపడం మర్సిపోనాం!"

కలిపితే సరిపోయింది. ఆ పిల్లను దగ్గరకు లాక్కుని వీపు తట్టాను. పాఠం చెప్పినది నేనే, నాకూ తట్టలేదు.

ప్లాను అందాక పురావస్తు శాఖవాళ్లు తనిఖీకి వచ్చిన నాడు మేస్త్రి పెళ్లిళ్లకు దాచుకునే పొందూరు ఖద్దరు చొక్కా వేసుకొచ్చాడు. అధికారిణి వెంట, పడగొట్టాలన్న ఇంజనీరూ వచ్చాడు. మేస్త్రి ఆయనకు సిమెంటు పెచ్చూ, కప్పు నుంచి చెక్కి తీసిన సున్నపు పెళ్లా పక్కపక్కన చూపించాడు. ఇంజనీరు చాలాసేపు వాటిని చేతుల్లో తిప్పి చూశాడు.

"మాకు ఈ సున్నం పని ఎవరూ నేర్పలేదు తాతా" అన్నాడు చివరికి.

"రా బాబూ, నేను నేర్పుతాను. అదేటి బ్రమ్మవిద్యా?"

నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. మా బడి రక్షిత కట్టడమైంది. వరండాలో నిలబడి గట్టిగా చదివాను. పిల్లల కేకలకు వీధిలో వాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత కప్పు మరమ్మతు మేస్త్రి చేతుల మీదుగానే, గానుగ సున్నంతోనే జరిగింది. ఇంజనీరు పక్కన నిలబడి నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఉత్తర్వుకు మా పిల్లలు గీసిన ప్లానునే జతచేశారు. దాని కింద మూలన వాళ్లు రాసుకున్న వాక్యాన్ని అధికారిణి కొట్టేయలేదు: 'కొలతలు తీసినవారు, పదో తరగతి విద్యార్థినులు.' ప్రభుత్వపు ముద్ర ఆ వాక్యం పక్కనే పడింది.