వేడినీళ్ల గుండంలో దొరికిన కాయ

బరంపురంలో మా వీధివాళ్లు నన్ను మంచి మగడంటారు. పిల్లలు లేకపోయినా రెండో పెళ్లి మాట ఎత్తని మనిషినని, అలాంటివాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారని, నా ముందూ అంటారు, వెనకా అంటారు. బట్టల కొట్టుకు వచ్చిన ఆడవాళ్లు నన్ను చూపించి తమ భర్తలను దెప్పుతారు. అప్పుడు నేను తల వంచుకుంటాను. అదీ నా వినయమే అనుకుంటారు. ఎన్నో ఏళ్లుగా ఈ మంచిపేరు మోస్తున్నాను. అది నాది కాదు. ఇవాళ దించుకుందామని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలైంది. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పగలిగేవాణ్నే అయితే ఈపాటికి ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ని.

ఒరిస్సా వేరే రాష్ట్రమైన కొత్తల్లో జరిగిన సంగతి ఇది. బరంపురం ఒరిస్సాలో కలిసింది. నా భార్య పుట్టిల్లు ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. అప్పటికి మేం కాపురం మొదలుపెట్టి చాలా ఏళ్లైంది. పిల్లలు కలగలేదు. ఇంట్లో ఆమెను ఎవరూ గట్టిగా ఒక్క మాట అనేవారు కాదు. సీమంతానికో బారసాలకో పిలుపు వస్తే మా అమ్మ ఒక్కతే వెళ్లేది. కోడలిని ఇంటి దగ్గరే ఉండమనేది. పర్లాకిమిడిలో నా కోసం ఇంకొక పిల్లను చూసి ఉంచింది కూడా.

ఆ ఏడాది సరుకు కోసం విశాఖపట్నం వెళ్లి, ఎవరికీ చెప్పకుండా అక్కడొక డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన పరీక్షలు చేసి, కుర్రతనంలో గవదబిళ్లలు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయి. మీసాలు మొలిచే వయసులో వచ్చాయి. వాపు కిందికి కూడా దిగి, రోజుల తరబడి లేవలేకపోయాను. లోపం నాలోనే ఉందన్నాడు. దానికి మందు లేదన్నాడు. మీ ఆవిడకు మీరే చెప్పండి అన్నాడు. తల ఊపాను.

చెప్పలేదు. రైలెక్కినప్పుడు ఇంటికి వెళ్లగానే చెబుదామనుకున్నాను. పలాస దాటేసరికి రేపు చూద్దాంలే అనుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఆమె కాళ్లకు నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఈమెకు తెలిస్తే రేపటినుంచి నన్ను ఎలా చూస్తుంది? నాకు కలిగిన ఆలోచన అదొక్కటే. అన్నాళ్లుగా ఆమెను నలుగురూ ఎలా చూస్తున్నారో ఆ క్షణాన నాకు తట్టనేలేదు.

ఆ మాఘంలో మా పెళ్లిరోజు వచ్చింది. మా ఇళ్లలో పెళ్లిరోజు జరుపుకునే వాడుక లేదు. కొట్టుకు వచ్చే ప్లీడరు గారొకాయన మాత్రం తమ పెళ్లిరోజుకని భార్యను గోపాలపూర్ తీసుకెళ్లి, సముద్రం ఒడ్డున హాయిగా ఉండి వచ్చారు. ఆ ముచ్చట ఇంట్లో చెప్పి, మనమూ ఎటైనా వెళదాం అన్నాను. పప్పు ఏరుతున్నదల్లా ఆమె చేట పక్కన పెట్టింది.

"ఏటండీ, మనిద్దరమేనా?"

"మనిద్దరమే. ఎక్కడికెల్దామో నువ్వే సెప్పు."

"నన్నడుగుతున్నారేటి! ఇయ్యాల పొద్దు ఎటు పొడిసిందో!" అని నవ్వింది. ఆలోచించుకోవడానికి ఆగలేదు. ఎవరైనా అడిగితే చెబుదామని ఎప్పటినుంచో దాచుకున్నట్టుంది. "అయితే రామయ్యపట్నం ఎల్దామండి. నా సిన్నప్పుడు మా నాయిన బండి కట్టించి ఒకపాలి తీసికెల్లేడు. ఇసకలో కూకుని సముద్రం సూస్తే సాలు."

"అక్కడేటుంది, ఎండుసేపల కంపు తప్ప? కోమటోళ్లు సేపల రేవుకి షికారెల్లారంటే బజారంతా నవ్వుతాది."

"నవ్వనీండి. అక్కడ మనమెవరమో ఎవులికీ తెల్దు. పిల్లలెందరమ్మా అని అడిగేవోళ్లుండరు."

ఆ మాటకు నేను ఆగిపోవలసింది. ఆగలేదు.

"అది కాదులే. తప్తపాని ఎల్దాం. అడవి, కొండగాలి. ఆ వేడినీళ్లలో తానం సేస్తే ఒళ్లు నొప్పులన్నీ పోతాయంట."

ఆమె నవ్వు పోయింది. "అత్తమ్మ సెప్పేరా?"

"అమ్మకేటి సంబంధం? నాకే తోచింది."

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "సరే లెండి. నన్నడిగేరు. అదే సాలు."

తప్తపాని అంటే గంజాం జిల్లాలో ఆడవాళ్లందరికీ తెలుసు. కొండమీద వేడినీళ్ల ఊట ఉంది. దాని పక్కన గుండం. ఒడ్డున ఉన్న చెట్ల కాయలు అందులో రాలుతుంటాయి. పిల్లలు లేని ఆడవాళ్లు నడుములోతు నీళ్లలో దిగి అడుగు బురదలో వెతుకుతారు. కాయ చేతికి దొరికితే అమ్మవారు సంతానం ఇచ్చినట్టు. అమ్మ అంతకుముందే నాతో అంది: "ఒరే నాయినా, ఒకపాలి దాన్ని ఆ గుండంలో దింపి తీసుకురా. అప్పుడూ కాయ దొరక్కపోతే నువ్వింక పర్లాకిమిడి సమ్మందానికి అడ్డు సెప్పకూడదు." సరేనన్నాను. గుండంలో దిగేది ఆమె. నలుగురూ చూసేది ఆమెను. ఒడ్డున నిలబడేవాణ్ని ఎవరు అడుగుతారు? ఆ సంగతి బాగా తెలిసే, నీ ఇష్టమొచ్చిన చోటు చెప్పు అని ఆమెను అడిగాను.

దిగపహండి వరకు బస్సులో వెళ్లి, అక్కడినుంచి ఎడ్లబండి కట్టించుకున్నాం. దారిలో ఆమె అన్నీ మరిచిపోయినట్టే ఉంది. బండి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. అటుకులూ బెల్లమూ కలిపి నాకు పెట్టి తనూ తింది. కొండ ఎక్కుతుంటే చల్లగాలికి చెంగు ఎగిరిపోతున్నా పట్టించుకోలేదు. మా ఇంట్లో ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు. అప్పుడైనా బండి వెనక్కి తిప్పించి ఉండవచ్చు కదా?

గుండం దగ్గర గంధకం వాసన, ఆవిరి. అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు నీళ్లలో ఉన్నారు. ఒడ్డున వాళ్ల అత్తలు, భర్తలు. ఆమె కొంగు బిగించి దిగింది. కొంతసేపటికి ఒక ఒడియా పిల్లకు కాయ దొరికింది. దొరికింది, దొరికింది అంటూ వాళ్లవాళ్లు "పాయిలా, పాయిలా!" అని కేకలు పెట్టారు. తరవాత ఇంకొకామెకు దొరికింది. నా భార్య వెతుకుతూనే ఉంది. చేతులు ఎర్రబడ్డాయి. జుట్టు ముఖానికి అంటుకుపోయింది. ఒడ్డున ఎవరో ముసలావిడ జాలిగా నాలుక చప్పరించింది. అప్పుడు ఆమె తలెత్తి నా వైపు చూసింది. తప్పు చేసినదానిలా చూసింది. నన్ను క్షమాపణ అడుగుతోంది! నన్ను!

నా కాలి పక్కనే, నీటి అంచున, ఒక కాయ రాలి పడి ఉంది. ఎవరూ చూడకుండా బొటనవేలితో దాన్ని నీళ్లలోకి తోశాను.

"ఇటు రా. నా కాలికాడ సూడు" అన్నాను.

ఆమె రెండు చేతులూ మూసి పైకెత్తింది. వేళ్ల మధ్యనుంచి బురదనీళ్లు కారుతున్నాయి. ఏడుస్తోంది, నవ్వుతోంది. "అమ్మోరు ఇచ్చీసిందండీ! సూసేరా? సూసేరా మీరు?"

"సూసేను" అన్నాను.

ఎందుకు తోశాను? జాలి అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. జాలి లేదని అనను. కానీ కాయ దొరక్కపోతే పర్లాకిమిడి పిల్ల ఇంటికి వస్తుంది, ఆమెకూ పిల్లలు పుట్టరు, అప్పుడు నా గుట్టు బయటపడుతుంది. కాలు కదిలినప్పుడు అందులో జాలి ఎంతో, భయం ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

కాయను చూసి అమ్మ ఆ సంబంధం వదిలేసింది. నా భార్య ఎదురుచూడడం మొదలుపెట్టింది. నెలలు గడిచాయి, ఏళ్లు గడిచాయి. ఆమె కాయను ఒక్కనాడూ అనుమానించలేదు. తననే అనుమానించుకుంది. ఉపవాసాలు పట్టింది. "అమ్మోరు సేతిలో పెట్టినా నిలుపుకోలేకపోయేను, ఏ పాపం సేసేనో" అని ఇరుగుపొరుగుతో తనే చెప్పుకునేది. "దేవతిచ్చినా పట్టుకోలేని సేతులు" అని అమ్మ తను పోయేదాకా ఆమెను అంటూనే ఉంది. ఆ కాయే దొరక్కపోతే ఆమె అమ్మవారినైనా తిట్టుకుని ఊరుకునేది. ఆ కాస్త ఊరట కూడా లేకుండా చేశాను.

చివరికి తనే నన్ను మళ్లీ పెళ్లి చేసుకోమంది. నాకు నువ్వు చాలు అన్నాను. ఆ మాట ఆమె ఎంత మురిసిపోయి వీధిలో చెప్పిందో! నా మంచిపేరు అక్కడ పుట్టింది.

ఆ కాయ ఇప్పటికీ ఆమె పసుపు భరిణెలో ఉంది. ఎండి, నల్లబడి, గట్టిపడింది. శుక్రవారం పసుపు తీసుకునేటప్పుడు దాన్ని కళ్లకు అద్దుకుంటుంది. నేను తల తిప్పుకుంటాను.

దీని కింద నా పేరు రాయడం లేదు. కానీ ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది. నాకంటే ముందు ఆమే చదువుతుంది. మధ్యాహ్నం పూట, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంది. ఆమెకు నా పేరుతో పనిలేదు. ఎదురుగా నిలబడి చెప్పలేక ఇలా చెబుతున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు. చదివాక ఏం చేస్తుందో తెలియదు. ఇచ్ఛాపురం వెళ్లిపోతుందేమో. వెళితే ఆపే ముఖం నాకు లేదు. క్షమించమని అడగను. నేను అడగవలసిన క్షమాపణ ఆ గుండంలోనుంచి నా బదులు ఆమే అడిగేసింది.

ఇక్కడివరకు చదివావు కదా. ఆ కాయ అమ్మవారు ఇచ్చింది కాదు. నేను కాలితో తోసింది. లోపం నాలో ఉంది, నాకు అప్పటికే తెలుసు. నువ్వు పోగొట్టుకున్నది ఏమీ లేదు. నీ చేతులకు ఏ పాపమూ అంటలేదు.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడే హక్కు దానికుందో లేదో నాకు తెలియదు.