మావయ్య ప్రాసెసర్ వేగం పెంచిన వేసవి

కిందటి వారం అమలాపురంలో కొత్త కంప్యూటర్ కొనడానికి వెళ్తే, దుకాణదారు పెట్టె మీద చెయ్యి వేసి, "ఇప్పటి ప్రాసెసర్లు పనిని బట్టి వాటంతటవే వేగం పెంచుకుంటాయండి, వేడెక్కితే అవే తగ్గించుకుంటాయి. మనం చూసుకోవాల్సిన పనే లేదు" అన్నారు. ఆయ్ అని తలూపేను గాని, నా మనసు బండారులంకలో మా మావయ్య ఇంటికి వెళ్ళిపోయింది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయనా అత్తయ్యా నేత చీరల డిజైన్లు కంప్యూటర్‌లో చేసేవారు. నిజానికి తెర మీద గళ్ళు నింపేది అత్తయ్య. వాటిని మగ్గాలవాళ్ళకి చేర్చి, మార్పులు కనుక్కుని వచ్చేది మావయ్య. ఒక ఏడు మాఘమాసంలో మూడు రోజుల జ్వరంతో అత్తయ్య పోయింది. పిల్లలు లేరు. డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నన్ను, కొన్నాళ్ళు వండిపెట్టమని అమ్మ అక్కడికి పంపింది. నేను వెళ్ళేసరికి ఇంట్లో ఏడుపులేవీ లేవు. పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. పలకరించడానికి వచ్చినవాళ్ళని "కూర్చోండి" అని, తనూ ఎదురుగా కూర్చునేవారు, అంతే. నాకూ ఏడుపు రాలేదు. రానందుకు సిగ్గుపడాలని కూడా తోచలేదు.

ఒక పొద్దున్న కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి, "దీని వేగం పెంచుదామమ్మా" అన్నారు.

"ఎందుకు మావయ్యా?"

"ఏదో ఒకటి చెయ్యాలి కదా."

కంప్యూటర్లు బాగుచేసే ఆయన అమలాపురం నుంచి వచ్చి, వద్దని చెప్పి చూసి, వినకపోయేసరికి పద్ధతి చెప్పేరు. "ఒక్కసారే పెంచకండి. ఒక మెట్టు ఎక్కించి, రోజంతా పని చేయించి, వేడి చూసుకుని అప్పుడు ఇంకో మెట్టు. అరవై డిగ్రీలు దాటనివ్వద్దు. వోల్టేజి జోలికి అసలు పోవద్దు. హార్డ్ డిస్క్ కూడా దెబ్బతినొచ్చండి, ముందు అందులో ఉన్నవి ఫ్లాపీల్లోకి ఎక్కించుకోండి." అన్నీ ఎక్కించేం. అత్తయ్య సగంలో వదిలిన చివరి చీర డిజైన్ మాత్రం పెద్దది, ఫ్లాపీలో పట్టలేదు. "పోనీలే" అన్నారు మావయ్య, ఎవరి సంగతో అన్నట్టు.

ప్రాసెసర్ మీద వేడి లాగడానికి రాసే పేస్టు ఎండిపోతే తుడిచి, కందిగింజంత కొత్తది రాసేరు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపు తిప్పేరు. ఉక్కకి మేమిద్దరం తాటాకు విసనకర్రలతో విసురుకుంటూ, అది చల్లగా ఉందో లేదో చూస్తూ కూర్చునేవాళ్ళం. చూడ్డానికొచ్చిన పక్కింటి పిన్నిగారు "మనుషులకి లేని భోగం" అని వెళ్ళిపోయేరు. ఆరువందల మెగాహెర్ట్జ్‌తో మొదలుపెట్టి రోజుకో రెండ్రోజులకో మెట్టు చొప్పున ఎక్కించి, ఎన్ని డిగ్రీలుందో క్యాలెండర్ వెనక రాసేవారు. నలభై ఆరు, నలభై తొమ్మిది, యాభై మూడు. అంకె పెరిగినా సంతోషం లేదు, పెరగకపోయినా విసుగు లేదు.

ఏడువందల యాభైకి చేరువైన రోజు మధ్యాహ్నం తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేస్తే హార్డ్ డిస్క్ కనబడడంలేదని వచ్చింది.  మావయ్య స్విచ్ ఆపేసి, బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టేరు. అలా చేస్తే పాత అంకెలు తిరిగొస్తాయని అమలాపురం ఆయన చెప్పి ఉన్నారు. పావుగంట ఆగి దాన్ని మళ్ళీ నాచేత పెట్టించేరు.  డిస్క్ కనబడింది. చీర తెరుచుకుంది, సగం అంచూ సగం ఖాళీ గళ్ళూ.

"భయం వేసిందమ్మా," అన్నారు. అత్తయ్య పోయేక తనకి ఏదైనా అనిపించిందని ఆయన చెప్పడం అదే మొదలు.

ఆ సాయంత్రం పప్పులో ఉప్పు తక్కువైందన్నారు. మర్నాడు ఆరువందల డెబ్బై ఐదు దగ్గర పెట్టి, రేకు బిగించేసేరు. వానాకాలంలో కూర్చుని ఆ చీర మిగతా సగం తనే నింపేరు. ఆయన నింపిన వైపు అంచు మొరటుగా వచ్చింది. దిద్దకుండా అలాగే నేయించేరు. దుఃఖం తీరడానికి ఎన్నాళ్ళు పడుతుందంటే నేను చెప్పలేను గాని, మా మావయ్యకి దుఃఖం మొదలవడానికే ఒక వేసవి పట్టింది.